దండెం మీద మదర్‌బోర్డు

మదర్‌బోర్డు దండెం మీద ఆరుతోంది. రెండు దిండు గలేబుల మధ్య, చెరో మూలా ఒక క్లిప్పు పెట్టించుకుని, గాలికి ఇటు తిరిగి అటు తిరిగి, తనకేమీ కానట్టే ఆరుతోంది. మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను, ఇంకా నమ్మకం కుదరడం లేదు. కళ్ళు నమ్ముతున్నాయి, బుర్ర ఒప్పుకోవడం లేదు. మా అత్తయ్య కంప్యూటర్‌ని కడిగింది. తుడవడం కాదు, దులపడం కాదు, కడిగింది. సబ్బు నురగ చేసి, మెత్తబడిన టూత్‌బ్రష్షుతో మూలమూలలా రుద్ది, నీళ్ళు పోసి జాడించి, ఆరేసింది. నేను బజారు నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి దాని కింది మూల నుంచి ఒక నీటిబొట్టు దిగుతోంది. ఆ బొట్టు బాల్కనీ గచ్చు మీద పడేదాకా ఊపిరి పీల్చలేదు. పడ్డాక అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు గానీ పక్కవాటా వాళ్ళ కుక్క మొరగడం ఆపేసింది.

అరిచి లాభం ఏముంది, ఇప్పుడు చేయగలిగిందల్లా దాని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చోవడమే. ఐదింటికి మేనేజరు ఫోన్ చేస్తాడు. గోడ గడియారం నాలుగు దాటింది, అది కూడా ఇవాళ నా మీద పగబట్టినట్టు నడుస్తోంది. ఏళ్ళ తరబడి బడిపుస్తకాలకి పేజీలు కట్టాను, బొమ్మ ఎక్కడ, పాఠం ఎక్కడ, కింద ప్రశ్నలు ఎక్కడ అని. ఆ ఆఫీసు మూటాముల్లె సర్దుకుని పెద్ద ఊరికి తరలిపోతోంది. వస్తే రండి, హాస్టల్లో ఒక మంచం ఇస్తాం, కుర్చీ ఇస్తాం, కంప్యూటర్ ఇస్తాం అన్నారు. రాలేనివాళ్ళు ఇంట్లోంచే చేసుకోవచ్చు, కానీ కంప్యూటర్ మీదే, మా పేజీల బరువు అది మోయాలి, మేం ఇక్కడి నుంచి చూసి సరే అనాలి అన్నారు. ఆ చూడటం ఇవాళే. వెలిగిందా, నేను ఇక్కడే, అత్తయ్యతోనే. వెలగలేదా, నా పెట్టె నేను సర్దుకోవాలి, అత్తయ్యని... ఈ వాక్యాన్ని నేను ఇన్ని రోజులుగా ఇక్కడే ఆపుతున్నాను. హాస్టల్లో ఇచ్చేది ఒక్క మంచం. ఒక్క మంచానికి ఒక్క మనిషే.

ఆవిడ మాత్రం హాల్లో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతోంది. పేజీ తిప్పిన చప్పుడు వినబడుతోంది. ఒక మనిషి పొద్దున్నే లేచి కోడలి బతుకుతెరువుని సబ్బునీళ్ళలో ముంచి, సాయంత్రానికి పేపరు ఎలా చదవగలదు? అడిగాను, ఎందుకు కడిగారు అత్తయ్యా అని. "దుమ్ము కొట్టుకుపోయి ఉందే, ఎవరెవరి చేతులు పడ్డాయో ఏమో" అంది, కూరగాయల గురించి చెప్పినంత తేలిగ్గా. ఆ మాటకి నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ కోపం వచ్చినప్పుడల్లా వెనకాలే ఆ రోజు వస్తుంది. మా ఆయన, అంటే ఆవిడ కన్నకొడుకు, ఇంకొకావిడతో ఉండటానికి వెళ్ళిపోతూ ఇదే గుమ్మంలో సంచీ భుజాన వేసుకుని నిలబడి, "అమ్మా, నువ్వూ రా" అన్నాడు. నేను వంటింట్లో గోడకి ఆనుకుని వింటున్నాను. వెళ్ళిపోతుందనే అనుకున్నాను, ఎవరైనా కొడుకు దగ్గరికే వెళ్తారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "నేను దీనితో ఉంటాను, నువ్వు తలుపు దగ్గరికి వేసి వెళ్ళు" అంది. అంతే. ఆ తర్వాత వాడి పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నా కోసం కొడుకుని వదులుకున్న మనిషిని నేనెలా వదిలేసి పోతాను? ఏ మొహం పెట్టుకుని పోతాను? అందుకే ఈ కంప్యూటర్. అందుకే ఇన్ని దుకాణాలు తిరగడం, ఇంత పీనాసితనం, విప్పి బిగించడం నేర్చుకోవడానికి ఇన్ని వీడియోలు.

కొత్తది కొనే స్తోమత లేదు, ఆ మాట మొదటి దుకాణంలోనే తేలిపోయింది, ధర చెప్పినప్పుడు నేను నవ్వాను, అతను నవ్వలేదు. అప్పుడు దొరికాడు ఈ పాత కంప్యూటర్లాయన. దుకాణం నిండా ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన డబ్బాలు, ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకటే నలుపు. "రిఫర్బిష్డ్ అంటే ఏమీ లేదమ్మా, పాతదే, మొహం కడిగి పౌడర్ రాశాం" అన్నాడు. ఆ నిజాయితీకే పడిపోయాను. పైపెట్టె గీతలు చూడొద్దు, లోపలి ప్రాసెసర్ మంచిదా కాదా చూడండి, అది మార్చలేం, మిగతావన్నీ మార్చుకోవచ్చు అన్నాడు. పెళ్ళికి ముందు ఈ సలహా ఎవరైనా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది. అలా గీతలు పడ్డదాన్నే, ఎవరూ చూడనిదాన్నే తీసుకుని, మిగిలిన దాంతో ర్యామ్ ఒకటి పెద్దదీ, గిరగిరా తిరుగుతూ మూలిగే పాత హార్డ్ డిస్కు బదులు అగ్గిపెట్టె బరువు కూడా లేని కొత్త డిస్కు ఒకటీ కొన్నాను. మానిటర్ పాతదే, కీబోర్డు పక్కవాళ్ళు పారేయబోతే అడిగి తెచ్చుకున్నది. అత్తయ్య తన పెన్షన్లోంచి సగం ఇచ్చింది. ఇచ్చేటప్పుడు "ఇది వస్తే నువ్వు ఇక ఎక్కడికీ పోనక్కర్లేదన్నమాట" అంది. నేను ఔనన్నాను. ఆవిడ "మంచిదే" అంది. అప్పుడు ఆ "మంచిదే"లో నాకేమీ వినిపించలేదు.

ఇంటికి తెచ్చి మూత తీస్తే లోపల దుమ్ము పరుపు వేసుకుని పడుకుంది. బ్రష్షుతో దులిపితే ఇల్లంతా తుమ్ములు. సరే ఎటూ విప్పాను కదా అని స్క్రూలన్నీ విప్పేసి, ప్రాసెసర్ తీసి, మదర్‌బోర్డుని మొత్తం బయటికి తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడు చూస్తే ప్రాసెసర్‌కీ దాని మీద కూర్చునే ఫ్యాన్‌కీ మధ్య వేడి లాగడానికి రాయాల్సిన పేస్టు ఎండి పెంకు కట్టింది. పేస్టు తెస్తాను, వీటిని ఎవరూ ముట్టుకోకండి అని చెప్పి పొద్దున్నే బజారుకి పోయాను. ఎవరూ అంటే ఇంట్లో ఇంకెవరున్నారు, ఆవిడే. దగ్గర్లో పేస్టు దొరకలేదు, ఊరంతా తిరిగాను, తిరిగి వచ్చేసరికి దండెం. దండెం కింద స్టీలు ట్రేలో మిగతావన్నీ వరసగా, ఫ్యాన్ వెల్లకిలా, పాత ర్యామ్‌లు పక్కపక్కన, ప్రాసెసర్ తెల్లగుడ్డ మీద, స్క్రూలేమో టీ వడపోసే జల్లెడలో. దుకాణాయనకి ఫోన్ చేశాను. "కడిగారా?" అన్నాడు. "సబ్బుతోనా?" అన్నాడు. ఫోన్ దూరంగా పెట్టి ఎవరికో చెబుతున్నాడు, అవతల నవ్వులు. మళ్ళీ వచ్చి, "బాగా ఆరనివ్వండమ్మా, తడి మీద కరెంటు ఇచ్చారో పోయినట్టే. ఆరాక పెట్టి చూడండి. మీ అదృష్టం" అన్నాడు. నా అదృష్టం గురించి ఆయనకి తెలియదు, తెలిస్తే ఆ మాట అనేవాడు కాదు.

గాలికి బోర్డు ఇటు తిరిగింది. ఎంత శుభ్రంగా ఉందో. కోపంలో ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి, కొత్తదానికి కూడా ఇంత మెరుపు ఉండదు. ప్రాసెసర్ కూర్చునే గూడులో వెంట్రుకల్లాంటి సూదులుంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి, అందులో ఒక్కటి కూడా వంగలేదు, అక్కడ బ్రష్షు పెట్టకుండా పసిపిల్ల చెవి కడిగినట్టు నీళ్ళు మాత్రం పోసినట్టుంది. ఆ చేతులు అలాంటివి. అత్తయ్య పని చేసింది ఆసుపత్రిలో, ఆపరేషన్ల సామాను కడిగే గదిలో. కత్తెరలు, పటకార్లు, పేర్లు తెలియని కొక్కేలు, రక్తం ఎండిపోయి వచ్చినవి ఆవిడ చేతుల్లోంచి తళతళలాడుతూ వెళ్ళేవి. ఈ ఇంటికి ఏది వచ్చినా ముందు నీళ్ళలో పడాల్సిందే. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా సూట్‌కేసుని లోపలా బయటా కడిగేసింది. తాళంచెవులు కడుగుతుంది. చిల్లర కడుగుతుంది. ఒక్క కరెంటు వస్తువులే... ఆగు. కరెంటు వస్తువులు కడగదు. మిక్సీ గిన్నె కడుగుతుంది, మోటారుని పొడిగుడ్డతో తుడుస్తుంది. ఇస్త్రీపెట్టె దగ్గరికి తడిచేత్తో వెళ్ళానని నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పింది, కొత్తగా చేరిన ఒకమ్మాయి వైరున్న కరెంటు పరికరాన్ని తెలియక బకెట్లో ముంచేసిందని, తను పరిగెత్తుకుని వెళ్ళి లాగేసరికే అయిపోయిందని, "వైరు కనబడితే నీళ్ళు కనబడకూడదు, ఎన్నిసార్లు చెప్పాలే" అని ఆ పిల్లని అందరి ముందూ చెడామడా తిట్టానని, ఆ పిల్ల ఏడ్చిందని. ఆ కథ నేను నిద్రలో కూడా చెప్పగలను. మరి ఇప్పుడు?

ట్రేలో కొత్తవి రెండూ లేవు, స్టూలు మీద నుంచి లేచాను. వంటింట్లోకి నడిచాను, నడిచానో కాళ్ళే తీసుకెళ్ళాయో. ఫ్రిజ్ మీద ఉన్నాయి. కొత్త ర్యామ్, కొత్త డిస్కు, బల్ల మీద బోర్డు పక్కనే పెట్టి వెళ్ళానే, రెండూ పొడితువ్వాలులో చుట్టి, దాని మీద ఒక గిన్నె బోర్లించి. చెయ్యి పెట్టి చూశాను, చుక్క తడి లేదు. వీటి మీద నీళ్ళు పడకూడదని తెలిసిన మనిషే వీటిని ఇక్కడ దాచింది. కొత్తవి పాడు చేయడానికి చేతులు రాలేదు. పాతదాన్ని మాత్రం... ఫ్రిజ్ పట్టుకుని నిలబడ్డాను. తెలిసి కడిగింది. దుమ్మూ కాదు, ఎవరి చేతులూ కాదు, తెలిసి, నేను బజారుకి పోయేదాకా ఆగి, నింపాదిగా కూర్చుని కడిగింది. ఎందుకు? నన్ను వదిలించుకోవడానికా? నేనేం చేశాను? వేళకి మందులు ఇవ్వలేదా, కాళ్ళు నొప్పులంటే పట్టలేదా, మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకోలేదా, ఒంటరిగా బజారుకి పంపానా ఒక్కసారైనా? ఇన్వర్టర్ పక్కన బ్యాటరీ నీళ్ళ డబ్బా ఖాళీగా దొర్లుతోంది. ఆఖరి కడుగు ఎప్పుడూ ఉప్పూ మలినమూ లేని ఈ నీళ్ళతోనే కడగాలి, లేకపోతే సామాను మీద మరకలుండిపోతాయి అంటుంది. పాడుచేయాలని కూర్చుని కూడా మరక పడకుండా కడిగింది చూడు ఈవిడ!

ఫోన్ మోగింది, నాది కాదు, అత్తయ్యది. ఎవరో నాకు తెలుసు, కత్తెర సిస్టరు, అత్తయ్య ఆసుపత్రిలోనే నర్సు. ఆపరేషన్ అయ్యాక కత్తెరలు లెక్క తేలేదాకా డాక్టర్ని కూడా గదిలోంచి కదలనిచ్చేది కాదట, అందుకని ఆ పేరు. ఆవిడా రిటైరై, తన సొంత ఇంటి మేడమీద గదిలో ఒక్కతే ఉంటోంది. అత్తయ్య పడకగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. వినకూడదు. ఒకరి మాటలు చాటుగా వినడం తప్పని చిన్నప్పుడు నేర్పారు, నేర్చుకున్నాను కూడా, తలుపుకి చెవి ఆనించి ఈ మాట అనుకుంటున్నాను.

"లేదే, ఇంకా తెలీదు. ఐదింటికి తెలుస్తుంది. ఆ కింది గది ఎవరికీ ఇచ్చెయ్యకు... వెలగదులే, నేనే కడిగానుగా... అబ్బ, కోడలు మంచిదే, మంచిది కాదని ఎవరన్నారు? అదే బాధ. పొద్దున లేస్తే చాలు, అత్తయ్యా జాగ్రత్త, అత్తయ్యా మెట్లు, అత్తయ్యా మాత్ర. గాజుసామాను అయిపోయాను నేను. మా వాడు చేసిన పనికి దీన్ని ఎలా వదిలిపోనే, అనుకుని ఇన్నాళ్ళూ ఉన్నాను. ఇదేమో నా కోసం ఆ పెద్ద ఊరే వదులుకునేలా ఉంది. దాని ఈడేంటి, నన్ను కాపలా కాస్తూ కూర్చోవడమేంటి? దాని మొహం చూస్తే నాకు భయమేస్తోంది... చెప్తే వింటుందా? ఏడుస్తుంది. నేనూ ఏడుస్తాను. మళ్ళీ ఇద్దరం ఇక్కడే ఉంటాం."

తలుపు దగ్గర నుంచి ఎప్పుడు వచ్చానో బాల్కనీలోకి వచ్చేశాను. గాజుసామాను. నేను చేసిందంతా గాజుసామాను అయిందా? ఆవిడ కోసం నేను, నా కోసం ఆవిడ, ఒకరి కాలు ఒకరం తొక్కుకుంటూ ఇంతకాలం, ఒక్కరం కూడా అబ్బా అనకుండా! నవ్వు రావాలి, రాలేదు. పౌరుషం వచ్చింది. ఇంత చేస్తే నా జాగ్రత్త అంత బరువైందా ఈవిడకి, చూపిస్తాను, ఎందుకు వెలగదో చూస్తాను. క్లిప్పులు తీసి బోర్డు పట్టుకున్నాను, ఎండకి వెచ్చగా ఉంది, ఎక్కడా చెమ్మ తగల్లేదు. పట్టుకున్నాక, ఆ వెచ్చదనం అరచేతికి తగిలాక, ఇంతసేపూ తోసేస్తూ వచ్చింది ఇక ఆగలేదు. మధ్యాహ్నం ఆ నీటిబొట్టు పడినప్పుడు నేను అరిచాను, నిజమే. కానీ అరవడానికి ముందు, ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణంలో, నాలో మొదట లేచింది కోపం కాదు. హమ్మయ్య అనిపించింది. పోయింది, ఇక నేను వెళ్ళొచ్చు, తప్పు నాది కాదు, వెళ్ళొచ్చు అనిపించింది. ఆ పెద్ద ఊళ్ళో నన్నెవరూ ఎరగరు, మీ ఆయన తిరిగొచ్చాడా అని మెట్ల మీద ఆపి అడిగేవాళ్ళుండరు, కిటికీ పక్క కుర్చీ, నా మంచం, నా తాళం. అదంతా కంటి ముందు ఒక్కసారి వెలిగింది, దాన్ని కప్పెయ్యడానికే అంత గట్టిగా అరిచాను. ఛీ అనుకున్నాను. నా కోసం కొడుకుని వదులుకున్న మనిషి ఎదురుగా నిలబడి హమ్మయ్య అనుకున్నానా? అనుకున్నాను. ఇంతకన్నా ఘోరం, ఇప్పుడు కూడా అనుకుంటున్నాను.

అయినా చేతులు పని చేస్తున్నాయి. బోర్డు పెట్టెలో కూర్చుంది, స్క్రూలు పడ్డాయి, ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పేస్టు, దాని మీద ఫ్యాన్, కొత్త ర్యామ్ టక్కుమంది, కొత్త డిస్కు దాని చోట్లోకి దూరింది. అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడింది. నేను తల ఎత్తలేదు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "ఆరిందా బాగా?" అంది. "ఆరింది అత్తయ్యా" అన్నాను. "తొందరపడకు" అంది. ఆ గొంతులో దిగులుందో ఆశ ఉందో నాకు తెలుసు, నా గొంతులో ఏముందో ఆవిడకి తెలియదు. వైరు గోడకి పెట్టి మీట వేశాను. పెట్టె మీద గుండ్రటి బటన్. వేలు దాని మీద ఆనింది గానీ నొక్కడం లేదు. వెలగాలా, వద్దా? దేవుడా, వెలగాలని ఎంత గట్టిగా అనుకోబోయినా ఆ మాట నోట్లోకే రావడం లేదు. నొక్కాను.

ఏమీ లేదు. ఇద్దరం కదల్లేదు. అత్తయ్య మెల్లగా ఊపిరి వదిలింది, నేనూ వదిలాను. అప్పుడు లోపల ఫ్యాన్ ఒకసారి ఉలిక్కిపడి, తిరగడం మొదలెట్టింది. డబ్బా మీద నీలిరంగు దీపం. మానిటర్ మీద తెల్లటి అక్షరాలు, కొత్త ర్యామ్ మొత్తం లెక్కపెట్టి చూపిస్తూ, ఒక్క తప్పూ లేకుండా, దుమ్ము లేని కంప్యూటర్ ఎంత నిశ్శబ్దంగా నడుస్తుందో అంత నిశ్శబ్దంగా వెలిగింది.

"అయ్యో" అన్నాం. ఇద్దరం, ఒకేసారి.

ఆవిడ గిరుక్కున నా వైపు తిరిగింది. నేను అప్పటికే ఆవిడ వైపు తిరిగి ఉన్నాను. ఆవిడ నోరు తెరుచుకునే ఉంది, నాదీ అంతే అయ్యుండాలి.

"ఏమన్నావు నువ్వు?" అంది.

"మీరేమన్నారు?"

"నేనేం అనలేదు."

"నేనూ ఏం అనలేదు."

ఫోన్ మోగడం మొదలెట్టింది. మేనేజరు. బల్ల మీద అది వణుకుతోంది, అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నాకు కనబడటం లేదు సరిగ్గా. ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి ఈ మనిషి మొహంలోకి ఇంత తిన్నగా ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ముందు నవ్విందో, ముందు ఏడ్చిందో చెప్పలేను. వంగి, గోడ దగ్గర మీట మీద వేలు పెట్టి, నా వంక చూస్తూ ఆగింది. నేను తల ఊపాను. కట్టేసింది. తెర నల్లబడింది. నేను కళ్ళు తుడుచుకుని ఫోన్ తీశాను.

"లేదు సార్, వెలగలేదు" అన్నాను. "నేనే వచ్చేస్తున్నాను."